ఆనందంలో పదికి తొమ్మిది

పిల్లల సంతోషానికి మార్కులు వేయాల్సిందే! ఈ మాట మీద నేను ఎవరితోనైనా వాదనకు సిద్ధం.

ఫిజిక్సుకు వేస్తున్నాం, కెమిస్ట్రీకి వేస్తున్నాం. చేతిరాతకు వేస్తున్నాం. ఆఖరికి జడలు బిగించి అల్లుకొచ్చినందుకు కూడా వేస్తున్నాం. ఒక్క మనసు మాత్రం ఇన్నాళ్ళూ ఏ టెస్టూ లేకుండా, ఏ ర్యాంకూ లేకుండా ఊరికే బలాదూర్ తిరిగింది. పదహారేళ్ళ పిల్లల దగ్గర మనం పరీక్ష పెట్టని వస్తువు ఒకటి మిగిలిపోయిందంటే అది మనకెంత నామోషీ! ఆ లోటు తీర్చిన ఘనత మార్కాపురానికి దక్కింది. మార్కాపురంలో నాగభూషణం గారికి దక్కింది.

నాగభూషణం గారిది తాతల నాటి పలకల వ్యాపారం. దేశంలో సగం మంది ఓనమాలు దిద్దింది ఈ ఊరి పలకల మీదేనని ఆయన ప్రతి సభలోనూ చెబుతాడు. పలకల మీద రాసే పిల్లలు తగ్గిపోయాక ఆయన దిగులు పడలేదు. పలక లేకపోతేనేం, పిల్లలున్నారు కదా, రాయదలుచుకున్నది వాళ్ళ మీదే రాయొచ్చని జూనియర్ కాలేజీ పెట్టాడు. కింద ఆఫీసు, మధ్యలో క్లాసులు, పైన ఆడపిల్లల హాస్టలు. ఆటస్థలం ఎక్కడండీ అని అడిగే తల్లిదండ్రులకు ప్లానులో చూపిస్తాడు.

కాలేజీ పేరు నేను రాయను. రాస్తే ప్రకటన అంటారు.

ఇంతలో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. పిల్లల మానసిక ఆరోగ్యం చూసుకోవాలట. సర్క్యులర్లు అందరికీ వస్తాయి, అందరూ ఫైల్లో పెడతారు. నాగభూషణం అట్లాంటి మనిషి కాదు, కూర్చుని రెండుసార్లు చదివాడు. 'ప్రతి విద్యార్థితోనూ మాట్లాడండి, చెప్పేది వినండి' అని ఉంది. ఆయనకు చెమటలు పట్టాయి. ఉన్నది మూడు వందల పన్నెండు మంది! ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడితే సిలబస్ ఏం కావాలి? ఎంసెట్ ఏం కావాలి? పైగా వినడమంటే మాటలా? అవతలివాళ్ళు ఏం చెబుతారో ముందే తెలియదు కదా!

"మాట్లాడటం ఎందుకు? రాయించుకుంటే పోలా?" అన్నాడు.

అట్లా పుట్టింది ఆనంద రిజిస్టర్. ఎర్ర గీతల పొడుగు పుస్తకం. పొద్దున ఆరున్నరకు, మొదటి స్టడీ అవర్ అయ్యాక, ప్రతి విద్యార్థీ వరుసలో వచ్చి తన పేరుకు ఎదురుగా ఆ రోజు తనకెంత సంతోషంగా ఉందో పదికి ఒక అంకె వేయాలి. ఆరు కంటే తక్కువ వేసినవాళ్ళను వదిలేస్తే ఎట్లా? వాళ్ళకు ఆదివారం పొద్దున మూడు గంటలు రెమెడియల్ ఆనందం. వారమంతా ఐదు గంటలకు లేచే పిల్లలకు కాస్త కన్ను మూసుకునే వీలున్నది ఆ ఆదివారం పొద్దున్నే. దాంతో ఏమైంది? మొదటి రోజు నాలుగులు, ఐదులు వేసిన నూట ఎనభై మంది రెండో రోజుకల్లా ఏడుకు చేరుకున్నారు! ఒక్క రాత్రిలో ఇంతమందికి నయం చేసిన మందు ఇంకోటి ఉంటే నాకు చూపించండి.

కాలేజీకి కౌన్సెలర్ ఉండాలని కూడా సర్క్యులర్లో ఉంది. జువాలజీ చెప్పే శ్రీకాంత్‌ను పిలిచి, నువ్వే అన్నాడు నాగభూషణం. మనసనేది మనిషిలో ఉంటుంది, మనిషి జువాలజీలో ఉంటాడు, ఇంక అభ్యంతరమేముంది? శ్రీకాంత్ రెండు గంటలు ఆన్‌లైన్లో శిక్షణ పొందాడు. మొదటి గంటలో సిగ్నల్ లేదు. సర్టిఫికెట్ మాత్రం రంగుల్లో వచ్చింది. దాన్ని ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో తగిలించారు.

పిల్లలకు కష్టమొస్తే ఫోన్ చేయడానికి ఒక ఉచిత నంబరు ఉంటుంది కదా, ఆ పోస్టరు కూడా అతికించారు. మూడో అంతస్తులో, హాస్టలు వరండాలో, అందరికీ కనిపించేటట్టు. హాస్టల్లో ఫోన్లు నిషేధం. నంబరు ఉంది, ఫోను లేదు. ఉచితమంటే ఇంతకన్నా ఉచితం ఎట్లా అవుతుంది! డాబా మీదికి వెళ్ళే తలుపుకు పెద్ద తాళం కూడా వేయించాడు నాగభూషణం. పిల్లల మనసు బాగుండటానికి తీసుకున్న చర్యల జాబితాలో దాన్నీ చేర్చాడు. తాళం ఎందుకు వేయాల్సి వచ్చిందో కనుక్కుంటే అది కూడా చర్యే అయ్యేది. కానీ దానికి ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అడగాలి కదా.

రిజిస్టర్లో మొదటి తొమ్మిది వేసింది హరిచందన. సీనియర్ ఎంపీసీ, నాగభూషణం గారి ఒక్కగానొక్క కూతురు. రోజూ ఇంటి నుంచే వస్తుంది. ఆ తొమ్మిదిని నాగభూషణం స్టాఫ్‌రూములో అందరికీ చూపించాడు. పది వేస్తే పొగరు, ఎనిమిది వేస్తే వెలితి, తొమ్మిదైతే సంస్కారం అని వివరించాడు. వారం తిరిగేసరికి రిజిస్టర్లో ఏ పేజీ తిప్పినా తొమ్మిదులే. ఒకే చేత్తో రాసినట్టు ఎంత అందంగా ఉందనుకున్నారు!

ఆ అందాన్ని పాడుచేసిన పిల్ల పేరు కావ్య.

కావ్యది కొమరోలు అవతల ఒక పల్లె. జూనియర్ బైపీసీ. తండ్రి పెద్దన్న జీవాలు మేపుకుంటాడు, జీవాలంటే గొర్రెలు, మేకలు. రెండెకరాల మెట్ట కూడా ఉంది. పదో తరగతిలో ఊరి హైస్కూలుకు ఫస్టు వచ్చిందని నాగభూషణమే వాళ్ళ ఊరికి కారేసుకుని పోయి, పెద్దన్నకు శాలువా కప్పి, పిల్లను తెచ్చుకున్నాడు. ఆ పిల్ల దసరా వెళ్ళిన దగ్గర్నుంచి రిజిస్టర్లో రెండు వేస్తోంది. ఒకరోజు కాదు, రోజూ రెండే. రెమెడియల్ ఆనందానికి నాలుగు ఆదివారాలు హాజరైంది. అయినా రెండే! ఇంత మొండి దుఃఖాన్ని నాగభూషణం తన సర్వీసులో చూడలేదు.

శ్రీకాంత్‌ను కౌన్సెలింగ్ చేయమన్నాడు. తాను పక్క గదిలో కూర్చుని చెవి ఇటు పెట్టాడు.

"ఏమ్మా కావ్యా, రెండేంది?"

"రెండే ఉంది సార్."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"లేదు సార్. రెండింటికి మెలకువ వస్తాంది. మళ్ళా పట్టదు."

"మరి ఆ టైమ్‌లో బాటనీ చదువుకోవచ్చు కదా!"

పక్క గదిలో నాగభూషణం తల ఊపాడు. శ్రీకాంత్ మీద ఆయనకు గౌరవం పెరిగింది.

"అన్నం తింటున్నావా?"

"సయించడంలే సార్. ఏం ముద్దా లోపలికి పోదు. పొద్దున లేస్తానే, ఎందుకు లేచినానా అనిపిస్తాది."

శ్రీకాంత్ ముందున్న శిక్షణ కాగితం తిరగేశాడు, మళ్ళీ తిరగేశాడు. ఆ మాటకు జవాబు మొదటి గంటలో చెప్పారేమో, సిగ్నల్ లేనప్పుడు. చివరికి దాన్ని మడిచి పక్కన పెట్టాడు.

"పాజిటివ్‌గా ఆలోచించాలమ్మా. ఒక్కసారే తొమ్మిది వద్దు. రేపు ఆరు వెయ్యి. మెల్లగా పోదాం."

మర్నాడు కావ్య రెండే వేసింది.

ఒక్క రెండుతో వచ్చిన నష్టమేమిటని మీరు అడగొచ్చు. మూడు వందల పన్నెండు మందిలో ఒకరి రెండు సగటును ఏం చేస్తుంది? లెక్కల్లో ఏమీ చేయదు. కానీ ప్రైవేటు కాలేజీల సంఘంవాళ్ళు ఆ ఏడాది 'సంతోష కళాశాల' అని షీల్డు ఒకటి పెట్టారు. శుక్రవారం తనిఖీకి వస్తున్నారు. పేజీ నిండా తొమ్మిదులుంటే ఎవరూ చదవరు, ఆ తొమ్మిదుల మధ్య రెండు ఉంటే ముందు కన్ను దాని మీదే పడుతుంది. ఇదెవరు, ఈ పిల్లకేమైంది అని అడుగుతారు. నెల రోజులుగా తాను అడగని ప్రశ్నను ఎవరో వచ్చి తన ఆఫీసులో అడగటం నాగభూషణానికి సుతరామూ ఇష్టం లేదు.

"వాళ్ళ నాయనకు ఫోన్ చెయ్యి. శనివారం దాకా ఇంటికి తీసుకుపొమ్మను. ఏదైనా జబ్బు పేరు చెప్పు, మర్యాదగా ఉండేది" అన్నాడు శ్రీకాంత్‌తో.

శ్రీకాంత్ స్పీకర్ పెట్టి ఫోన్ చేశాడు.

"కావ్య వాళ్ళ నాన్నగారేనా అండి?"

"అవు సార్, పెద్దన్నను. ఏంది సార్, పాప బాగుందా?"

"అదే చెబుదామని. మీకెట్లా చెప్పాలో... డిప్రెషన్ అండి."

అవతల గొర్రెల గంటలు వినిపించాయి.

"నిజమా సార్?"

"నిజమేనండి. కొంచెం గట్టిగానే ఉన్నట్టుంది. అందుకని కొన్ని రోజులు ఇంటికి తీసుకుపోతే..."

"తోలకపోతా సార్! పొద్దున మొదటి బస్సుకే వస్తా. సల్లని మాట చెప్పినారు, మీ నోట్లో సక్కెర పొయ్య!"

శ్రీకాంత్ ఫోన్ పెట్టేశాడు.

"తండ్రి చాలా పాజిటివ్‌గా తీసుకున్నాడు సార్" అన్నాడు.

"చూశావా! పల్లెటూరివాళ్ళకున్న గుండె ధైర్యం మనకు లేదు" అన్నాడు నాగభూషణం.

అయ్యా, కొమరోలు వైపు మెట్ట రైతుకు డిప్రెషన్ అంటే ఒకటే. బంగాళాఖాతంలో పుట్టి, టీవీలో గిరగిరా తిరిగి, మన అదృష్టం బాగుంటే నల్లమల దాకా నడిచొచ్చి రెండు రోజులు ముసురు పట్టించి పోయేది. పెద్దన్న చేలో కంది పూత మీద ఉంది. బోరు గంటసేపు గాలి కక్కి ఆగిపోతోంది. ఒక్క వాన పడితే కాయ నిలుస్తుంది, లేకపోతే పూత రాలిపోతుంది. కార్తీకం సగమైనా ఒక్క డిప్రెషనూ ఇటు తిరగలేదు. పైగా డిప్రెషన్ వస్తే బళ్ళకు సెలవులిస్తారని ఆయనకు బాగా తెలుసు. ఫోన్ చేసి మరీ కబురు చెప్పే కాలేజీ మార్కాపురంలో తప్ప ఇంకెక్కడ ఉంటుంది? ఆ సాయంత్రం ఊళ్ళో ఇంటింటికీ చెప్పి వచ్చాడు. పక్కింటి రంగమ్మ ఆరబోసిన సజ్జలు లోపలికి ఎత్తుకుంది.

మర్నాడు పది గంటలకు పెద్దన్న కాలేజీ గేటు ముందు బస్సు దిగాడు. చంకలో నల్ల గొడుగు, భుజం మీద గొంగడి. ఆకాశంలో వెతికినా మబ్బుతునక లేదు. నాగభూషణం కిటికీలోంచి ఆ గొడుగును చూసి, ఎండకేమో అనుకున్నాడు.

"రా పెద్దన్నా, కూర్చో. ఏం కంగారు పడొద్దు" అన్నాడు.

"కంగారెందుకు సార్! ఇంతకీ ఈడ ఇంకా మొదలు కాలేదా?"

"మొదలై నెల దాటింది."

పెద్దన్న కిటికీ వైపు చూశాడు. "మరి ఎండ మాడ్చి పెడతాందే?"

"ఎండకేమి సంబంధం?"

"డిప్రెషన్ గదా సార్. వాన యాడ?"

నాగభూషణం, శ్రీకాంత్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంగతి అర్థమై నాగభూషణానికి నవ్వు ఆగలేదు, కుర్చీ కిర్రుమనేదాకా నవ్వాడు. ఆ నవ్వు పూర్తయ్యేవరకు పెద్దన్న మర్యాదగా నిలబడే ఉన్నాడు.

"ఆ డిప్రెషన్ కాదయ్యా! ఇది మనుషులకు వచ్చేది. మనసుకు. దిగులన్నమాట, ఊరికే దిగులు."

"ఊరికే ఎందుకొస్తాది సార్?"

ఆ ప్రశ్న సర్క్యులర్లో కూడా లేదు. నాగభూషణం నీళ్ళు తాగాడు. శ్రీకాంత్ నేల చూస్తూ, "అన్నం తినడం లేదు. నిద్ర కూడా పోవడం లేదు. నెల పైనుంచి" అన్నాడు.

పెద్దన్న గొడుగు కింద పెట్టాడు.

"నెల నుంచి బిడ్డ మెతుకు ముట్టకపోతే ఇప్పుడా సార్ చెప్పేది?"

"చూడకుండా లేమయ్యా. రోజూ రికార్డు చేస్తూనే ఉన్నాం" అని నాగభూషణం రిజిస్టర్ తెప్పించి ముందు పెట్టాడు. ఇదిగో రెండు, ఇదిగో రెండు అని వేలు పెట్టి చూపించాడు. పెద్దన్నకు చదువు రాదు కానీ అంకెలు వచ్చు. కూతురు ముప్పై రోజులు పేజీ పేజీకీ వేసిన రెండును చూశాడు. ముప్పైసార్లు పిలిచింది ఆ పిల్ల. ఆ పుస్తకాన్ని ఎర్రగుడ్డలో చుట్టి బీరువాలో దాచినవాళ్ళు ఉన్నారు గానీ పలికినవాళ్ళు లేరు. నాకైతే ఆ మాట రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

"మిగతా పిల్లోళ్ళను చూసినారా సార్?" అన్నాడు పెద్దన్న.

"వాళ్ళకేం? అందరికీ తొమ్మిది."

"అది కాదు సార్. నేను సదువుకున్నోన్ని కాదు, జీవాలు మేపుకునేటోన్ని. పొద్దున మంద తోలేటప్పుడు ఒక జీవం మేత ముట్టకుండా నిలబడిందనుకోండి. దాన్ని ఒక్కదాన్నే చూసి ఊరుకోను. మందంతా చూస్తా. ఏం మేసినాయి, యాడ నీళ్ళు తాగినాయి, దొడ్డిలో తేమ ఉందా, అన్నీ చూస్తా. ఒకటి బయటపడిందంటే లోపల ఇంకో పదింటికి ఉన్నట్టే. బయటపడింది మంచిది సార్, అది మనకు చెప్పింది. చెప్పనివాటితోనే బాధ."

"వీళ్ళు జీవాలు కాదు పెద్దన్నా. చదువుకునే పిల్లలు. ఎవరికి వాళ్ళే వేసుకున్నారు తొమ్మిది."

"అదే సార్. జీవాలు అబద్ధమాడవు. మాకు ఆ సులువు ఉంది."

నాగభూషణం దీనికి జవాబు ఇచ్చేవాడే, కానీ పెద్దన్న అప్పటికే శ్రీకాంత్ వైపు తిరిగాడు.

"దీనికి డాక్టర్లు ఉంటారా సార్?"

నెల రోజులు, ఒక కౌన్సెలర్, ఒక సర్టిఫికెట్, నాలుగు రెమెడియల్ ఆదివారాలు. వీటిలో ఎక్కడా ఎవరికీ ఈ ప్రశ్న తట్టలేదు! గొర్రె కాళ్ళీడిస్తే పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తే మనిషికి మాత్రం ఐదు నిమిషాల్లో తట్టింది.

"ఉంటారు" అన్నాడు శ్రీకాంత్ మెల్లగా. "మనసు డాక్టర్లు వేరే ఉంటారు. ముందు ఇక్కడ పెద్దాసుపత్రిలో చూపించండి, వాళ్ళే రాసి పంపిస్తారు. ఆలస్యం చేయొద్దు. నేనే చెప్పాల్సింది."

నాగభూషణం అతని వైపు కొరకొరా చూశాడు. కౌన్సెలర్ ఇట్లా బాహాటంగా సలహాలివ్వడం ఆయనకు నచ్చలేదు.

కావ్య బ్యాగుతో కిందికి దిగింది. తండ్రిని చూసి మెట్ల మీదే ఆగిపోయింది. రెండు వేసినందుకు తిట్లు తినడానికి సిద్ధపడి వచ్చిన పిల్ల, ఆ గొడుగునూ గొంగడినీ ఎగాదిగా చూసింది.

"ఏంది నాయనా, ఈ ఎండలో గొడుగు?"

"డిప్రెషన్ అంటే వాననుకుంటినమ్మా. ఊరంతా చెప్పొచ్చినా. రంగమ్మత్త సజ్జలు గూడా ఎత్తుకునె."

కావ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. నెల రోజుల తర్వాత వచ్చిన నవ్వు, ఆ పిల్లకే కొత్తగా ఉన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిటికీలోంచి చూస్తున్న నాగభూషణం ఎగిరి గంతేశాడు.

"శ్రీకాంత్! ఆ నవ్వు చూడు! రెండు ఎక్కడుంది, అది ఎనిమిదికి తక్కువ లేదు. పట్టుకుపో రిజిస్టర్, సంతకం పెట్టించు!"

శ్రీకాంత్ కదలలేదు.

"ఏడుస్తోంది సార్" అన్నాడు.

నిజమే, ఆ పిల్ల తండ్రి గొంగట్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. పెద్దన్న ఓదార్చే మాట ఒక్కటీ అనలేదు. ఊరుకో అనలేదు, పాజిటివ్‌గా ఆలోచించు అనలేదు.

"ఈ దిగులేందో నాకు తెల్వదమ్మా. నువ్వు చెప్పు, నేను వింటా. అర్థం కాకుంటే మళ్ళా అడుగుతా" అన్నాడు.

ఇద్దరూ గేటు పక్కన అరుగు మీద కూర్చున్నారు. పిల్ల చెబుతూ పోయింది. పన్నెండు గంటల బస్సు వచ్చింది, పోయింది. అరుగు మీద ఎండ పడుతుంటే పెద్దన్న గొడుగు విప్పి కూతురికి పట్టాడు. తర్వాత ఇద్దరూ ఆసుపత్రి వైపు నడిచిపోయారు.

రిజిస్టర్లో కావ్య పేరుకు ఎదురుగా 'సెలవు' అని రాశారు. రెండు పోయింది, పేజీ మళ్ళీ శుభ్రపడింది. ఇప్పుడా పిల్ల పదిహేను రోజులకోసారి తండ్రితో డాక్టరు దగ్గరికి పోయి వస్తోందని, పొద్దునపూట జీవాల వెంట నడుస్తోందని, అన్నం కొద్దికొద్దిగా తింటోందని కబురు. ఒక్కరోజులో ఏమీ మారలేదు. మారుతుందని ఆ డాక్టరు చెప్పనూ లేదు. పరీక్షలు వచ్చే ఏడాదైనా రాసుకోవచ్చన్నాడట. అట్లాంటి డాక్టరు మాటలు మన కాలేజీల్లో వినిపిస్తే ఇంకేమైనా ఉందా!

ఇక ఆ శుక్రవారం తనిఖీకి సంఘంవాళ్ళు వచ్చారు. మూడు వందల పదకొండు మంది పిల్లలు ఎండలో వరుసలు కట్టి, చప్పట్లు కొట్టి, సైగ చేయగానే నవ్వారు. సగటు ఎనిమిది పాయింట్ తొమ్మిది. ఇంత సంతోషంగా ఉన్న పిల్లలను నా జీవితంలో చూడలేదని సంఘం అధ్యక్షుడు మైకులో అన్నాడు. రెండో వరుసలో ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే, ఆనందం తట్టుకోలేక అని పక్కనున్నాయన చమత్కరించాడు. షీల్డు ఇచ్చారు, ఫోటోలు తీశారు.

సాయంత్రం ఆరు గంటలకు షీల్డుతో ఇంటికి వచ్చిన నాగభూషణానికి ఎందుకో హుషారు రాలేదు. జీవాల మనిషి మాట ఒకటి పొద్దుటి నుంచీ చెవిలో దూరిన చీమలా తిరుగుతోంది. మందంతా చూస్తాడట! అంటే, చూడాల్సిన మంద తన ఇంట్లో కూడా ఉందా? ఛ, తన కూతురికేం! రిజిస్టర్లో మొదటి తొమ్మిదే దానిది.

భార్య రామతులసమ్మ వంటింట్లో టిఫిన్ డబ్బా ఖాళీ చేస్తోంది. పొద్దున పెట్టిన పులిహోర పెట్టినట్టే ఉంది.

"తినలేదా పిల్ల?"

"రోజూ ఇంతేగా. ఆకలి లేదంటుంది. చదువు ధ్యాసలో పడి తినదు, మీ పోలికే" అంది రామతులసమ్మ.

రోజూనా? నాగభూషణం ఆ డబ్బా వైపు అట్లాగే చూస్తూ నిలబడ్డాడు. కూతురు ఇంటర్లో చేరిన ఈ పద్దెనిమిది నెలలుగా ఒకే ఇంట్లో, ఒకే కారులో, ఒకే కాలేజీలో ఉన్నాడు. ఈ డబ్బా ఆయనకు ఇప్పుడే కనిపించింది.

హరిచందన గదిలో టేబులు ముందు కూర్చుని ఉంది. ముందున్న పుస్తకం తెరిచే ఉంది. పిల్ల చూపు మాత్రం పుస్తకం మీద లేదు, గోడ మీద ఉంది. కళ్ళ కింద నల్లగా ఉంది. తండ్రి గుమ్మంలోకి రాగానే చటుక్కున పేజీ తిప్పింది.

నాగభూషణం వచ్చి మంచం మీద కూర్చున్నాడు. వందల సభల్లో గంటలు గంటలు మాట్లాడిన మనిషి సొంత కూతుర్ని ఒక్క మాట అడిగాడు.

"ఎట్లా ఉందమ్మా నీకు?"

హరిచందన తలెత్తి తండ్రిని చూసింది.

"రిజిస్టర్‌కా నాన్నా, నీకా?"

నాకే అనడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నాగభూషణం నాలుక చివరిదాకా వచ్చింది. అంటే ఆ తర్వాత అక్కడే కూర్చోవాలి. పిల్ల ఏం చెబుతుందో తెలియదు. చెప్పిందంతా వినాలి.

"రిజిస్టర్‌కేలే తల్లీ" అన్నాడు.

"అయితే తొమ్మిది" అంది హరిచందన, పుస్తకం వైపు తిరిగి.